ఆ యుద్ధం మన పొలం గట్టు దాకా వచ్చింది

(సెప్టెంబర్ 1, యుద్ధ వ్యతిరేక దినం సందర్భంగా 2025లో జరిగిన మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడికి వస్తూ సొసైటీ ముందు కాసేపు ఆగాను. మనుషులకంటే ముందు చెప్పులు వరుసలో ఉన్నాయి. చెప్పుల పక్కన పట్టాదారు పాసుపుస్తకాలు, వాటి మీద ఎగిరిపోకుండా రాళ్ళు. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చిన వాళ్ళున్నారు. రెండు బస్తాల యూరియా కోసం. అక్కడ ఒక పెద్దాయన నా చేతిలో కరపత్రం చూసి, ‘యూరియా లేక మేం చస్తుంటే మీరు ఉక్రెయిన్ యుద్ధం మీద మీటింగు పెడతారా? ఆ గొడవ మనకెందుకయ్యా?’ అని అడిగాడు.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఈ రోజు నా మాటలన్నీ ఆ పెద్దాయనకు జవాబే అనుకోండి.

ముందే ఒక మాట. ఇప్పుడున్న యూరియా కొరతకంతా ఉక్రెయిన్ యుద్ధమే కారణమని నేను చెప్పను. అలా చెబితే పాలకుల తప్పును నేనే కప్పిపెట్టినట్టవుతుంది. సీజన్‌కు ముందు తెప్పించాల్సిన సరుకు తెప్పించలేదు. మన రామగుండం ఫ్యాక్టరీ ఈ ఏడాది చాలా రోజులు ఉత్పత్తి లేకుండా ఆగిపోయింది. ఇవి మన ఇంటి లోపాలు. వీటి మీద మన పోరాటం మనకుంది. కానీ ఈ మూడున్నరేళ్ళలో మన సాగు ఖర్చు పెరగడంలో, మన పంట ధర ఊగిసలాడడంలో ఆ యుద్ధానికి ఎంత వాటా ఉందో తెలుసుకోకపోతే సగమే తెలుసుకున్నట్టు.

అసలు అక్కడేం జరుగుతోంది?

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదకు వెళ్ళింది. దీనికి వెనుక కథ ఉంది. సోవియట్ యూనియన్ విడిపోయాక అమెరికా నాయకత్వంలోని నాటో కూటమి తూర్పుకు జరుగుతూ రష్యా సరిహద్దుల దాకా వచ్చింది. 2014లో రష్యా క్రిమియాను కలుపుకుంది. డాన్‌బాస్ ప్రాంతంలో అప్పటి నుంచే తుపాకులు పేలుతున్నాయి. ఈ కథంతా నిజమే. అయినా పక్క దేశం మీదకు ట్యాంకులు నడిపించడానికి ఏ కథా సాకు కాదు. రష్యా చేసింది దురాక్రమణ. మరోవైపు, ఆ మంటను ఆర్పకుండా ఆయుధాలు పంపుతూ, చివరి ఉక్రెయిన్ సైనికుడి దాకా పోరాడిద్దామనుకున్న పశ్చిమ దేశాల పెద్దలు కూడా శాంతిదూతలు కారు. మనం ఏ రాజు పక్షమూ కాదు. ఇద్దరి ఫిరంగుల మధ్య నలిగిపోతున్న మనుషుల పక్షం.

ఆ మనుషుల లెక్క చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఒక్కొక్క మరణాన్నీ నిర్ధారించుకొని రాసుకున్న లెక్క ప్రకారమే ఉక్రెయిన్‌లో 13 వేల మందికి పైగా మామూలు జనం చనిపోయారు. వాళ్ళలో సుమారు 700 మంది పిల్లలు. నిజమైన సంఖ్య ఇంకా ఎక్కువేనని ఆ సంస్థే చెబుతోంది. 50 లక్షల మందికి పైగా దేశం వదిలిపోయారు. ఇంకా లక్షల మంది సొంత దేశంలోనే ఊరు విడిచి బతుకుతున్నారు. 2024 ఆగస్టులో ఉక్రెయిన్ సైన్యం రష్యాలోని కుర్‌స్క్ ప్రాంతంలోకి చొరబడినప్పుడు అక్కడా లక్ష మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. వాళ్ళూ మనుషులే.

మరి సైనికులు? రష్యా ప్రభుత్వం 2022 సెప్టెంబర్‌లో 5,937 మంది చనిపోయారని చెప్పింది. ఆ తర్వాత ఈ రోజు వరకు మళ్ళీ లెక్క చెప్పలేదు. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ 2025 ఫిబ్రవరిలో తమ సైనికులు 46 వేల మందికి పైగా చనిపోయారన్నారు. రెండు వైపులా చనిపోయినవాళ్ళు, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళు కలిపితే లక్షల్లో ఉంటారు. ఎవరు వీళ్ళు? 2022 సెప్టెంబర్‌లో రష్యా మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలిచినప్పుడు ఆ భారం ఎక్కువగా పడింది మాస్కో మీద కాదు. బుర్యాతియా, తువా, దాగెస్తాన్ లాంటి దూరపు, పేద ప్రాంతాల మీద. ఉక్రెయిన్‌లో 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు సరిహద్దు దాటకూడదని యుద్ధం మొదలైన రోజే ఆంక్ష పెట్టారు. 2024లో సైన్యంలోకి లాక్కెళ్ళే వయసును 27 నుంచి 25కు దించారు. యుద్ధం ఎవరు ప్రకటించినా పాడె మోసేది పల్లెటూరే.

అక్కడి రైతు గోస

ఉక్రెయిన్ అంటే నల్ల నేల. మన నల్లరేగడి చూసి మనం ఎంత మురిసిపోతామో, వాళ్ళ నేల చూసి వాళ్ళంత మురిసిపోయేవాళ్ళు. గోధుమ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు పండించి ప్రపంచానికి పెట్టిన నేల అది. యుద్ధానికి ముందు పొద్దుతిరుగుడు నూనె ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్ళదే.

ఆ నేలలో ఇప్పుడు మందుపాతరలున్నాయి. ఒక దశలో 1,74,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో మందుపాతరలో, పేలని బాంబులో ఉండి ఉండవచ్చని అక్కడి ప్రభుత్వం లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్ మొత్తం వైశాల్యం కంటే అది ఎక్కువ. అందులో ప్రతి గజంలోనూ పాతర ఉందని కాదు. కానీ ఏ గజంలో ఉందో తెలియదు కదా! దుక్కి దున్నడానికి ట్రాక్టరు ఎక్కిన రైతు సాయంత్రం ఇంటికి వస్తాడో రాడో తెలియదు. అలా ట్రాక్టర్ల మీదే చనిపోయిన రైతులున్నారు. మనకు పొలంలో పాము భయం ఉంటుంది. పొలమే పాముగా మారితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. మనం ప్రాజెక్టుల కింద బతికే రైతులం కాబట్టి ఇది మనకు బాగా అర్థమవుతుంది. ద్నీపర్ నది మీద కఖోవ్కా అనే డ్యామ్ ఉండేది. 1956లో కట్టారు. దాని నీటి నిల్వ సుమారు 18 ఘనపు కిలోమీటర్లు. మన లెక్కలో 630 టీఎంసీలకు పైమాటే. మన నాగార్జునసాగర్ ఇప్పటి సామర్థ్యం 312 టీఎంసీలు. అంటే రెండు సాగర్లంత నీళ్ళు. 2023 జూన్ 6న ఆ డ్యామ్ కూలింది. అప్పటికి అది రష్యా సైన్యం అధీనంలో ఉంది. రష్యాయే పేల్చిందని ఉక్రెయిన్ అంటోంది, కాదని రష్యా అంటోంది. దిగువన ఊళ్ళు మునిగాయి, మనుషులు కొట్టుకుపోయారు. ఆ తర్వాత జలాశయం ఎండిపోయింది. లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చే కాలువలు ఒట్టిపోయాయి. సాగర్ కట్ట ఒక్క రాత్రిలో తెగిపోయిందని ఊహించుకోండి. ముందు వరద, తర్వాత కరువు. రెండూ మనిషి చేసినవే.

మన గడప దాకా ఎలా వచ్చింది?

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు వద్దాం. మనకెందుకు?

మొదటిది ఎరువు. యూరియా తయారీకి సహజవాయువు కావాలి. యుద్ధంతో ఐరోపాలో గ్యాస్ ధర ఆకాశానికి ఎక్కింది, అక్కడి ఎరువుల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పొటాష్ మనకు పూర్తిగా బయటి నుంచే రావాలి. దాన్ని అమ్మే పెద్ద దేశాల్లో రష్యా, బెలారస్ ఉన్నాయి. యుద్ధం, ఆంక్షలు కలిసి ఆ సరఫరాను దెబ్బతీశాయి. అంతకు ముందు ఏడాది వెయ్యి రూపాయల లోపు దొరికిన పొటాష్ బస్తా 2022లో 1,700 అయింది. డీఏపీ 1,200 నుంచి 1,350కి పెరిగింది. కాంప్లెక్సు ఎరువుల సంగతి మీకు నేను చెప్పాలా? పొటాష్ వేయాల్సిన చోట వేయలేక తాలు గింజలు కోసుకున్న వాళ్ళు ఈ సభలోనే ఉన్నారు.

యూరియా బస్తా ధర పెరగలేదు కదా అంటారు. నిజమే. కానీ ఆ తేడా ఎక్కడికి పోయింది? 2022–23 బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీకి 1.05 లక్షల కోట్లు అనుకున్నారు. చివరికి ఖర్చయింది 2.51 లక్షల కోట్లు. పైన పడిన దాదాపు లక్షా 46 వేల కోట్లు మన జేబులోకి రాలేదు. మండిపోయిన అంతర్జాతీయ ధరలకు పోయాయి. ఆ డబ్బుతో ఈ దేశంలో ఎన్ని కాలువలు తవ్వవచ్చో, ఎన్ని గోదాములు కట్టవచ్చో మీరే లెక్కేయండి. పైగా మరుసటి ఏడాది నుంచి ‘సబ్సిడీ భారం’ అని మన వైపే వేలు చూపిస్తారు.

రెండోది నూనె. యుద్ధానికి ముందు మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో 70 శాతం దాకా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. అది ఆగిపోయింది. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది. నూనె ప్యాకెట్ కొనలేక మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పోపుకు కూడా లెక్కేసుకున్నారు. అప్పుడు అశ్వారావుపేట, ఏలూరు వైపు ఆయిల్‌పామ్ రైతుకు గెలల ధర టన్ను 20 వేలు దాటింది. యుద్ధం రైతుకు మంచిదే చేసిందని కొందరన్నారు. ఏమైంది? కేంద్రం దిగుమతి సుంకాలు తగ్గించింది, 20 లక్షల టన్నుల చొప్పున సోయా, పొద్దుతిరుగుడు ముడి నూనెలను సుంకం లేకుండా రానిచ్చింది. ప్రపంచ ధరలూ పడ్డాయి. ఏడాది తిరగకముందే టన్ను ధర 14 వేల లోపుకు దిగింది. 20 వేలు చూసి తోట పెట్టినవాడు 14 వేల లోపే అమ్ముకున్నాడు. గోధుమ రైతుకూ ఇదే జరిగింది. బయట ధర మద్దతు ధరను దాటగానే 2022 మే 13న ఎగుమతి నిషేధం వచ్చింది. యుద్ధం తెచ్చే ధర వరద నీళ్ళ లాంటిది. పారకానికి పనికిరాదు, పోతూ పోతూ గట్టు కోసుకుపోతుంది.

మూడోది ఇప్పుడు మన నెత్తిన పడింది. జాగ్రత్తగా వినండి. యుద్ధానికి ముందు మన దేశం కొనే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. యుద్ధం తర్వాత తక్కువ ధరకు వస్తోందని అది మూడో వంతు దాకా పెరిగింది. చవక చమురు వచ్చింది. మన ట్రాక్టరుకు చవక డీజిల్ వచ్చిందా? హైదరాబాద్‌లో 2022 మే నుంచి దాదాపు రెండేళ్ళు లీటరు 98 రూపాయల దగ్గరే కదలకుండా నిలిచింది. 2024 మార్చిలో ఎన్నికల ముందు రెండు రూపాయలు తగ్గించారు. అంతే. తక్కువ ధర లాభం రిఫైనరీల దగ్గరే ఆగిపోయింది. ఆ చమురునే శుద్ధి చేసి ఐరోపాకు అమ్మి సంపాదించిన కంపెనీలున్నాయి.

లాభం వాళ్ళ దగ్గర ఆగింది. మరి శిక్ష? రష్యా చమురు కొంటున్నారన్న పేరుతో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేశారు. మొన్న ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అయింది. మనకంటే ఎక్కువ రష్యా చమురు కొనే చైనా మీద ఈ జరిమానా లేదు. అంటే ఇది శాంతి కోసం వేసిన సుంకం కాదు, మన మెడ వంచడానికి వేసిన సుంకం. రొయ్యల మీద పాత సుంకాలతో కలిపితే అది 60 శాతం దగ్గరకు చేరుతోంది. మన రొయ్యలకు అమెరికాయే అతి పెద్ద మార్కెట్. దేశంలో రొయ్యలు ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు చెరువు రైతు ఏ దేశం మీదా బాంబు వేయలేదు, ఒక్క పీపా చమురు కొనలేదు. కానీ ప్లాంటు వాళ్ళు రేటు తగ్గించింది ఆయనకే. మేత ధర మాత్రం తగ్గలేదు.

అది అక్కడితో ఆగలేదు. పత్తి దాకా వచ్చింది. బట్టల మిల్లులకు ఊరట పేరుతో కేంద్రం ఆగస్టు 19న పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. ముందు సెప్టెంబర్ 30 వరకు అన్నారు. తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన పత్తి తీత ఎప్పుడు? అక్టోబర్ నుంచి. అంటే మన చేతికి పత్తి వచ్చే వేళకు విదేశీ పత్తి సుంకం లేకుండా వచ్చి కూర్చుంటుంది. ఈ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. అది మార్కెట్లో దొరుకుతుందా?

ఇప్పుడు ఆ గొలుసు చూడండి. అక్కడ యుద్ధం, దాని పేరుతో అమెరికా సుంకం, ఆ సుంకం పేరుతో ఇక్కడ పత్తి సుంకం ఎత్తివేత, చివరికి ఆదిలాబాద్ రైతు తక్కెడ. ఆ గొడవ మనకెందుకన్న పెద్దాయనకు ఇదీ నా జవాబు. మనం యుద్ధం దగ్గరకు వెళ్ళలేదు, అదే మన దగ్గరకు వచ్చింది.

మన పిల్లలు

ధరలు పక్కన పెట్టండి. ప్రాణాల సంగతి చెబుతాను. యుద్ధం మొదలైనప్పుడు సుమారు 22,500 మంది భారతీయులు ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చారు. ఎక్కువ మంది డాక్టరు చదువుకు వెళ్ళిన పిల్లలు. మన రెండు రాష్ట్రాల వాళ్ళూ ఉన్నారు. ఇక్కడ ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేక, పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులు ఎందరో. కర్ణాటకకు చెందిన ఒక విద్యార్థి ఖార్కివ్‌లో దాడికి బలైపోయాడు.

ఆ తర్వాత ఇంకో ఘోరం. ‘రష్యాలో హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం’ అని ఏజెంట్లు మన కుర్రాళ్ళను తీసుకుపోయి, తెలియని భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టించి, చేతికి తుపాకీ ఇచ్చి ముందు వరుసకు తోశారు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: 126 మంది వెళ్ళారు, 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది జాడ లేదు. చనిపోయిన వాళ్ళలో హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు. 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. కానీ పనిలేని కుర్రాడు, అప్పులున్న ఇల్లు ఉన్నంత కాలం ఏజెంటుకు గిరాకీ ఉంటుంది. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక్క ఆర్థిక సమస్యే అనుకోకండి. పొలం గిట్టనివాడి కొడుకు ఎవరి యుద్ధంలోనో కూలి సైనికుడవుతున్నాడు.

ఎవరికి లాభం?

ఇంత నష్టంలో లాభపడిన వాళ్ళు లేరా? ఉన్నారు. 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2,71,800 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో 230 లక్షల కోట్లకు పైనే. మన కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్లు. అంటే నాలుగు బడ్జెట్లకు మించి ఒక్క ఏడాదిలో ఆయుధాలకు, సైన్యాలకు పోయింది. జర్మనీ ఆయుధ కంపెనీ రైన్‌మెటల్ షేరు ధర యుద్ధం ముందుతో పోలిస్తే పది రెట్లకు పైగా పెరిగింది. ఈ జూన్‌లో నాటో దేశాలు తమ ఆదాయంలో 5 శాతం రక్షణ, భద్రత అవసరాలకు పెట్టాలని తీర్మానం చేసుకున్నాయి. అక్కడి కార్మికుల పింఛన్ల నుంచి, ఆసుపత్రుల నుంచే ఆ డబ్బు తీస్తారు. యుద్ధం ఆగితే నష్టపోయే వాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు అది తనంతట తాను ఆగదు. ఆగస్టు 15న అలాస్కాలో ట్రంప్, పుతిన్ కూర్చొని మాట్లాడుకున్నారు. కరచాలనాలు అయ్యాయి కానీ కాల్పులు ఆగలేదు.

కొందరు మిత్రులు అంటారు, ‘రష్యా మనకు పాత మిత్రదేశం, దాన్ని తప్పుపట్టడమెందుకు’ అని. భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీకి చేయూతనిచ్చిన స్నేహం మనం మరచిపోలేదు. కానీ స్నేహితుడు తప్పు చేస్తే చెప్పకపోవడం స్నేహం కాదు. 2022లో సమర్‌ఖండ్‌లో మన ప్రధానమంత్రి ఇది యుద్ధాల కాలం కాదని పుతిన్‌తో అన్నారు. మంచి మాటే. మాట అన్నాక దాని వెంట నడవాలి. ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ వచ్చినప్పుడల్లా తటస్థంగా ఉండిపోవడంతో సరిపెట్టుకోకూడదు. ఒకప్పుడు అలీనోద్యమం నడిపిన దేశం మనది. రెండు పక్షాలతోనూ మాట్లాడగలిగిన దేశం మనది. మధ్యవర్తిగా నిలబడాలి.

మనం ఏం చేయాలి?

ఈ సభ తరఫున కొన్ని డిమాండ్లు పెడుతున్నాను. మీ ఆమోదం కావాలి.

ఒకటి, వెంటనే కాల్పుల విరమణ, షరతులు లేని చర్చలు జరగాలి. దాని కోసం భారత ప్రభుత్వం ప్రతి వేదిక మీదా చొరవ తీసుకోవాలి.

రెండు, రష్యా సైన్యంలో చిక్కుకున్న చివరి భారతీయుడి దాకా వెనక్కి తీసుకురావాలి. చనిపోయిన కుటుంబాలకు పరిహారం ఇవ్వాలి. మోసం చేసిన ఏజెంట్లను శిక్షించాలి.

మూడు, అమెరికా ఒత్తిడికి లొంగి మన వ్యవసాయాన్ని బేరం పెట్టకూడదు. పత్తి దిగుమతి సుంకాన్ని వెంటనే మళ్ళీ విధించాలి. సీసీఐ కేంద్రాలు తీత మొదలయ్యేనాటికే తెరవాలి. ఆక్వా రైతుకు కరెంటులో, మేత ధరలో ఊరట ఇవ్వాలి.

నాలుగు, ప్రతి సీజన్‌కు ముందే ఎరువుల నిల్వలు మండలాల్లో ఉండాలి. యుద్ధం సాకు చెప్పి బస్తా ధర పెంచితే ఒప్పుకోం. ప్రభుత్వ ఎరువుల ఫ్యాక్టరీలను పూర్తి సామర్థ్యంతో నడపాలి.

మన వంతు పని కూడా ఉంది. ఈ తీర్మానాన్ని ప్రతి ఊరి గ్రామసభలో పెట్టండి. విదేశీ ఉద్యోగం అని ఊళ్ళోకి ఎవరొచ్చినా, అతనికి విదేశాంగ శాఖ లైసెన్సు ఉందా లేదా చూడకుండా పాస్‌పోర్టు ఇవ్వవద్దని కుర్రాళ్ళకు చెప్పండి. సందేహం ఉంటే సంఘం ఆఫీసుకు రండి.

పల్లెటూరి రైతుల తీర్మానంతో యుద్ధం ఆగుతుందా అని నవ్వే వాళ్ళుంటారు. ఢిల్లీ సరిహద్దుల్లో మన రైతులు ఏడాది పాటు కూర్చున్నప్పుడు కూడా నవ్వారు. చివరికి మూడు చట్టాలూ వెనక్కి పోయాయి. ఒక్క సభతో కాదు, వేల సభలతో.

1939లో ఇదే సెప్టెంబర్ 1న హిట్లర్ సైన్యం పోలండ్ మీద పడింది. ఆ ఆరేళ్ళలో కోట్ల మంది చనిపోయారు. మన బెంగాల్‌లో తూటా పేలకుండానే కరువుతో లక్షల మంది ప్రాణాలు పోయాయి. ఆ చచ్చిన వాళ్ళు ఎవరు? అన్నం పండించిన ఊళ్ళ వాళ్ళు. అందుకే మనం ఈ రోజు ఇక్కడ కూర్చున్నాం.

సభ అయ్యాక నేను మళ్ళీ సొసైటీ దగ్గరకు వెళ్తాను. ఆ పెద్దాయన ఇంకా వరుసలోనే ఉంటాడు. ఈ కరపత్రం ఆయన చేతిలో పెట్టి, ‘మీ యూరియా గొడవ, ఈ గొడవ వేరు కాదు పెద్దాయనా’ అని చెబుతాను. మీరూ మీ ఊళ్ళో ఒక్కొక్కరికి చెప్పండి.